మీ ఇంట్లో గిఫ్టెడ్ కిడ్ ఉన్నారా? ఇలా గుర్తుపట్టండి

సికింద్రాబాద్ నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాను. ఈసారి టాపిక్ చిన్నపిల్లలు. "పెళ్ళే కాలేదు, నీకేం తెలుసు బ్రో" అంటారేమో. కానీ మన అందరి ఇళ్ళల్లో అక్క కొడుకో, పక్కింటి పాపో ఉంటారు కదా!

ఈ సీన్ మీరూ చూసే ఉంటారు. చుట్టాలు రాగానే "అంకుల్‌కి రాజధానుల పేర్లు చెప్పు నాన్నా" అంటారు. నాలుగేళ్ల బాబు గడగడా అప్పజెప్పేస్తాడు. "మావాడు గిఫ్టెడ్" అని ఇంట్లో ఫిక్స్ అయిపోతారు. జ్ఞాపకశక్తి మంచిదే, కాదనను. కానీ అది మనం అడిగితే చేసింది. ఎవరూ అడగనప్పుడు ఆ పిల్లాడు ఏం చేస్తున్నాడో చూడండి. అసలు విషయం అక్కడ తెలుస్తుంది.

మాండొలిన్ శ్రీనివాస్ గారినే తీసుకోండి. 1969లో పాలకొల్లులో పుట్టారు. ఆరేళ్ల వయసులో నాన్న సత్యనారాయణ గారి మాండొలిన్‌ని తనంతట తనే చేతిలోకి తీసుకున్నారు. ఆ ఇష్టం చూసి నాన్నగారు ఆయనకంటూ ఒకటి కొనిచ్చారు. తర్వాత గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. ట్విస్ట్ ఏంటంటే, గురువుగారికి మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లాడు అది విని తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ. 1998లో పద్మశ్రీ.

గొంతులో విన్నది వాయిద్యం మీదికి తేవడం, అంటే నేర్చుకున్నదాన్ని కొత్త చోట వాడటం. ఇది పెద్ద సూచన. మన స్టేషన్‌లో రైళ్ల పేర్లన్నీ చెప్పే పిల్లాడు ముచ్చటగా ఉంటాడు. "సిగ్నల్ ఎర్రగా ఉంటే వెనకొచ్చే రైలు ఎక్కడ ఆగుతుంది?" అని అడిగే పిల్లాడిని మాత్రం ఇంకాస్త గమనించండి.

ఇంకా కొన్ని సూచనలున్నాయి. ఒకట్రెండు సార్లు చెబితే పట్టేయడం. నచ్చిన పనిలో కూర్చుంటే అన్నానికి పిలిచినా లేవకపోవడం. తనకన్నా పెద్ద పిల్లలతో కబుర్లు. క్లాసులో వచ్చిందే మళ్ళీ చెబుతుంటే బోర్ కొట్టి అల్లరి చేయడం. ఈ చివరిదానికే చాలామందికి దెబ్బలు పడతాయి! అలాగని అల్లరి చేసే ప్రతివాడూ గిఫ్టెడ్ అనుకోకండి. రెండు మూడు సూచనలు కలిసి, నెలల తరబడి కనిపించాలి.

మరి ఐక్యూ టెస్ట్ పెట్టిస్తే తేలిపోతుందా? 1921లో అమెరికాలో టెర్మన్ అనే సైకాలజిస్ట్ టెస్టులు పెట్టి మేధావి పిల్లల్ని ఎంపిక చేశాడు. అందులో సెలెక్ట్ కాని విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ పెద్దయ్యాక ఫిజిక్స్‌లో నోబెల్ కొట్టారు, ఒకరు 1956లో, ఇంకొకరు 1968లో. టెస్ట్ పనికొస్తుంది, కానీ అదే ఫైనల్ తీర్పు కాదు.

కాబట్టి సూచనలు కనిపిస్తే వెంటనే కోచింగ్‌లో పడేయకండి. "నువ్వు జీనియస్" అని రోజూ అనకండి, అది మోయలేని బరువవుతుంది. ప్రశ్న అడిగితే "నోర్మూసుకో" అనకుండా "పద, చూద్దాం" అనండి. టీచర్‌తో మాట్లాడండి. జాతీయ విద్యా విధానం 2020 కూడా ఇలాంటి పిల్లల్ని గుర్తించి ప్రోత్సహించాలనే చెబుతోంది.

ఆ రోజు పాలకొల్లులో "ముట్టుకోకు, పాడైపోతుంది" అని ఉంటే? ఒక్కసారి ఆలోచించండి. ఈ ఆదివారం మీ ఇంటి బుడ్డోడి పక్కన ఒక గంట కూర్చోండి, ఫోన్ పక్కన పెట్టి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!