మంద దగ్గర పడిన అడుగు ఎవరిది?



మినుము పీకి కుప్పలు నూర్చుకున్నాం. కల్లాలు ఖాళీ అయినవి. ఇక ఎండలు ముదరకముందే పడమటి మెట్ట ప్రాంతాల నుంచి గొర్రెల మందలు మన కృష్ణా డెల్టా పొలాల్లోకి దిగుతాయి. ఎకరానికి ఇన్ని రాత్రులని మాట్లాడుకొని మంద కట్టిస్తాం. గొర్రె పెంటికలూ మూత్రమూ పడిన మడి తొలకరికి ఎట్లా లేచి వస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే ఆ మందతోబాటు ఒక భయం కూడా కాలువగట్టు దాటి వస్తుంది. అదే తోడేలు భయం. ఈనాటి నా ప్రసంగం దాన్ని గురించి.

“వరిపొలాల్లో తోడేలు ఎక్కడిదండీ?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. తోడేలు మెట్టజాతి జంతువు. బీళ్లు, గుట్టలు, ముళ్లపొదలు, గడ్డినేలలు దాని ఇల్లు. మన కాలువల కింద దానికి పని లేదు. కాని దాన్ని చంపే మందు మాత్రం మన వరిరైతు కొట్టంలోనే ఉన్నది. అందుకే ఈ మాట కాపరితోబాటు డెల్టా రైతు కూడా వినవలెను.

పోయిన వేసవిలో బందరు కాలువ కింద ఒక గ్రామంలో జరిగిన సంగతి. తెల్లవారేసరికి మందలో మూడు గొర్రెపిల్లలు చచ్చిపడి ఉన్నవి. రెండు గొర్రెలకు తొడలు చీరుకుపోయి లేవలేకున్నవి. కాపరి పొడుగాటి ఊపిరి విడిచి, “తోడేలు పడిందయ్యా” అన్నాడు. ఊళ్లో తోడేలు ముఖం చూసినవారు ఒక్కరూ లేకపోయినా అందరూ అవునన్నారు. పొలం ఆసామి మంచివాడే. తన పొలంలో ఉండగా కాపరికి నష్టం వచ్చిందని బాధపడ్డాడు. ఇంటికి పోయి వరికి తెచ్చి మిగిలిన గుళికల పొట్లం పట్టుకొచ్చాడు. “చచ్చిన పిల్లకు ఇది పట్టించి గట్టు మీద పడేయి. రేపటికి పీడ వదులుతుంది” అన్నాడు. నేను భూసార పరీక్షకు మట్టి తీసుకోవడానికి పోయి, సరిగ్గా ఆ వేళకు అక్కడ నిలబడ్డాను.

ఆ పొట్లం చూడగానే నాకు చెమట పట్టింది. ఎందుకో దాచకుండా చెబుతాను.

వ్యవసాయ డిప్లొమా ముగించిన కొత్తలో కొంతకాలం నంద్యాల వైపు మెట్ట గ్రామాల్లో పనిచేశాను. రోళ్లపాడు గడ్డినేలలు అక్కడికి దూరం కాదు. బట్టమేక పిట్ట కోసం 1988లో ప్రభుత్వం అభయారణ్యంగా ఏర్పరచిన చోటు అది. కృష్ణజింకలూ తోడేళ్లూ తిరిగే నేల. ఒకనాడు ఒక కాపరి వచ్చి, “సామీ, పురుగుమందుల్లో ఏది గట్టిది?” అని అడిగాడు. చేనుకోసమే అనుకొని పేరు చెప్పాను. ఎందుకని అడగలేదు. మూడవ రోజున ఆయన రెండు కాపలా కుక్కలూ నురగలు కక్కి చచ్చినవి. చుట్టూ కాకులు, గద్దలు పడి ఉన్నవి. తోడేలు మాత్రం ఆ కళేబరం దగ్గరికే రాలేదు. ఆ తర్వాత కుక్కలు లేని మందకు అది మరింత ధైర్యంగా వచ్చింది. విస్తరణాధికారిగా నేను అడగవలసిన మొదటి ప్రశ్న అడగకపోవడం వల్ల జరిగిన నష్టం అది. ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

ఆ ఊళ్లోనే ఒక ముసలి కాపరి నన్ను వెంటబెట్టుకొని బండిబాట వెంట తిప్పి అడుగులు చదవడం నేర్పాడు. పశువులు బాట తొక్కకముందే, పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు చూడాలనేవాడు. అప్పుడే గుర్తు అంచుల నీడ పడి స్పష్టంగా కనబడుతుంది. ఆయన చెప్పినదీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

మొదట గోళ్లు చూడండి. పులి, చిరుత, అడవిపిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. వాటి అడుగు గుండ్రంగా ఉంటుంది, గోటి గుర్తు పడదు. కుక్క, నక్క, తోడేలు అడుగులో నాలుగు వేళ్లూ, వాటి ముందు గోటి గుర్తులూ ఉంటాయి.

రెండవది కొలత. నక్క అడుగు సుమారు రెండంగుళాలు. తోడేలు అడుగు మూడంగుళాలు దాటుతుంది. వెడల్పు కంటే పొడవు ఎక్కువ. మధ్య వేళ్లు రెండూ ముందుకు సాగి ఉంటాయి. దుమ్ములగొండికైతే ముందుకాలి అడుగు వెనుకకాలి అడుగుకంటే బాగా పెద్దదిగా ఉంటుంది.

మూడవది బాట. ఇది ముఖ్యం. ఒక్క అడుగును చూసి తోడేలుదో, పెద్ద ఊరకుక్కదో తేల్చడం అనుభవజ్ఞులకూ కష్టమే. వంద గజాలు వెంబడించి చూడండి. కుక్కకు తిండి ఇంటి దగ్గర దొరుకుతుంది గనుక తీరిక ఎక్కువ. అటు వాసన చూసి, ఇటు తిరిగి వంకరటింకరగా పోతుంది. తోడేలు రాత్రికి కోసుల దూరం నడిచి పొట్ట పోసుకోవలసినది. అది గీత గీసినట్టు తిన్నగా పోతుంది. ముందుకాలు పడిన గుర్తులోనే వెనుకకాలు వేస్తుంది.

నాలుగవది గుంపు లెక్క. మన తోడేళ్ల గుంపు పెద్దది కాదు. ఒక జంట, వాటి ఆ ఏటి పిల్లలు, కిందటి ఏడు పుట్టినవి ఒకటి రెండు. చాలాసార్లు ఒకదాని అడుగులో ఒకటి వేసుకుంటూ వరుసగా నడుస్తాయి. బాట చూస్తే ఒక్కటే పోయినట్టుంటుంది. మలుపు దగ్గరో, వాగు దాటిన చోటో అవి విడివడతాయి. లెక్క అక్కడ పెట్టాలి.

ఐదవది చచ్చిన జీవం. తోడేలు తినడానికి చంపుతుంది. గొంతు పట్టుకుంటుంది, పిల్లనైతే నోట కరచుకొని పోతుంది. ఊరకుక్కల గుంపు అలా కాదు. దొరికినదాన్నల్లా తొడల మీదా, పక్కల మీదా, చెవుల మీదా కరిచి, తినకుండా వదిలిపోతుంది. చిరుత అయితే గొంతు మీద లోతైన కోరల గాట్లుంటాయి, ఈడ్చిన జాడ ఉంటుంది.

ఇక బందరు కాలువ గట్టుకు తిరిగి వద్దాం. నేను ఆసామినీ కాపరినీ పిలిచి, “పొట్లం కాస్త పక్కన పెట్టండి, ముందు అడుగులు చూద్దాం” అన్నాను. రాత్రి నీరు పెట్టిన బోదె పక్కన బురదలో గుర్తులు అచ్చు గుద్దినట్టున్నవి. ఒక్క తీరుగా లేవు. చిన్నవి, పెద్దవి, నాలుగైదు కుక్కలవి. బాట పట్టుకొని పోతే కాలువగట్టు మీద వంకర్లు తిరిగి, ఊరి చివర కోళ్ల వ్యర్థాలు పారబోసే గుంటలో తేలింది. చచ్చిన పిల్లల్లో ఒక్కదాన్నీ తినలేదు. గాయాలన్నీ తొడల మీదనే. కాపరి చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, “మా దేశంలో అలవాటైన పేరు నోటికొచ్చిందయ్యా” అన్నాడు.

ఆసామి గుళికలు తిరిగి కొట్టంలో పెట్టి తాళం వేశాడు. ఆ కళేబరానికి మందు పట్టించి ఉంటే ఏమయ్యేది? ఊరి కుక్కలతోబాటు కాపరి కుక్కలూ పోయేవి. గద్దలూ గుడ్లగూబలూ పోతే ఎలుకలు మన వరిలోనే పెరిగేవి. కాలువలో పశువులు నీళ్లు తాగుతాయి, పిల్లలు ఈతలాడతారు. మేకపిల్ల నీళ్లు మురికి చేసిందని తోడేలు నింద వేసిన కథ మనం చిన్నప్పుడు విన్నదే. ఆనాడు నీళ్లలో విషం కలపబోయినది మనమే, నింద మాత్రం ఊళ్లో లేని తోడేలు మీద.

“సరే, నిజంగా తోడేలే అయితేనో?” అంటారు. అప్పుడూ విషం పనికిరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు మొదటి షెడ్యూలులో ఉన్నది. చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. చట్టం మాట అలా ఉంచి లెక్క చూడండి. 2022 గణనలో మన దేశపు పులులు సగటున 3,682 అని తేలింది. తోడేళ్లు రెండు మూడు వేలకు మించవని నిపుణుల అంచనా. పులికి దట్టమైన అడవి రక్షణ ఉన్నది. తోడేలు ఎక్కువగా పోరంబోకులో, బీడులో, కాపరి కళ్లెదుటనే బతుకుతుంది. జార్ఖండ్‌లో మహువాడాండ్ అనే చోట 1976లో తోడేళ్ల కోసమే అభయారణ్యం పెట్టారు గాని, అటువంటి చోట్లు మన దేశంలో చాలా అరుదు.

పోగొట్టుకొని మళ్లీ తెచ్చుకోవడం ఎంత కష్టమో అమెరికావారికి తెలుసు. యెల్లోస్టోన్ అనే పర్వత ప్రాంతంలో 1926 నాటికి తోడేళ్లను పూర్తిగా చంపేశారు. ఆ తర్వాత పెద్దజాతి దుప్పులు అదుపు తప్పి పెరిగి లేత చెట్లను మేసివేశాయి. 1995లో 14, 1996లో 17 తోడేళ్లను కెనడా నుంచి తెచ్చి విడిచారు. మెడకు రేడియో పట్టీలు కట్టి, విమానాల మీద తిరిగి, మంచులో అడుగులు చూసి, ఏ గుంపు ఎక్కడున్నదో ఏళ్ల తరబడి లెక్క రాస్తూ వచ్చారు. పశువులు పోయిన రైతులకు పరిహారం ఇచ్చే ఏర్పాటు కూడా చేశారు. మనకు ఆ ఖర్చు ఇంకా రాలేదు. ఉన్నవాటి జాడ తెలిసిన కాపరులు మనకింకా ఉన్నారు.

అయినా కాపరి నష్టం నష్టమే. కనుక మంద కట్టించేవారూ, కట్టేవారూ ఈ పనులు మరవకండి.

రాత్రి పిల్లలను మంద మధ్య వేరే దొడ్డిలో ఉంచండి. వల ఒక్కటే చాలదు, అడుగున సందు లేకుండా ముళ్లకంప వేయండి. కాపలా కుక్కలకు పిచ్చికుక్క వ్యాధి టీకా ఏటా వేయించండి. మనిషి తెల్లవారుజామున కునుకు తీయకుండా వంతులు పెట్టుకోండి. చచ్చిన గొర్రెలను ఆరుబయట పడేయకుండా లోతుగా పూడ్చండి. ఊరివారు మాంసపు వ్యర్థాలు గట్ల మీద పోయడం మానాలి. ఆ గుంటలే కుక్కల గుంపులను పెంచుతున్నవి.

దాడి జరిగితే కళేబరాన్ని కదపకండి. స్పష్టమైన అడుగు మీద గంప బోర్లించి ఉంచండి. పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోనుతో ఫొటో తీయండి, కొలత తెలుస్తుంది. అటవీ బీటు అధికారికి కబురు చేయండి. పశువైద్యానికి 1962 నంబరుకు ఫోను చేయండి. వారు చూసి పంచనామా రాస్తేనే పరిహారం అడగడానికి ఆధారం ఉంటుంది. కరచిన గొర్రె గాయాన్ని చేతికి తొడుగు వేసుకొని సబ్బుతో, పారే నీటితో పావుగంట కడగండి. మనిషిని కరిస్తే ఆ రోజే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకోవలెను. రేపు చూద్దామనవద్దు.

విస్తరణ పనిలో ఉన్న నా తోటివారికి ఒక మనవి. ఎవరైనా గట్టి మందు పేరు అడిగితే, ఏ పైరుకు, ఏ పురుగుకు అని అడగకుండా చెప్పకండి. నేను ఒకసారి అడగలేదు.

ఆ కాపరి ఈ ఏడు కూడా మందతో వచ్చాడు. దొడ్డి చుట్టూ కంప వేసుకున్నాడు. తెల్లవారగానే ముందు చుట్టూ తిరిగి నేల చూసి, ఆ తర్వాతే టీ తాగుతున్నాడు. మీ పొలంలో మంద దిగినప్పుడు మీరూ ఆయన వెంట ఒకసారి నడవండి.

సెలవు.