సైకిల్ తొక్కడం కూడా పొదుపే

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ మైకు ముందుకొచ్చి ఎంత పొదుపు చేశాం, బ్యాంకు లింకేజీ ఎంత తెచ్చాం, ఎంత తిరిగి కట్టాం అని చెప్తాం. ఆ లెక్కలు రిపోర్టులో ఎలాగూ ఉంటాయి. ఈసారి మేము మన ఒంటి సంగతి చెప్పాలనుకున్నాం. ఒంటి కోసం మా సంఘం పట్టుకున్న సైకిల్ సంగతి చెప్పాలనుకున్నాం.

ఏడాది చివర లెక్కలు సరిచూసుకుంటూ మినిట్స్ పుస్తకం తిరగేశాం. అంతర్గత అప్పు ఎందుకు తీసుకున్నారు అనే చోట గేదె అని ఉంది, పిల్లల ఫీజు అని ఉంది, విత్తనాలు అని ఉంది. అన్నిటికన్నా ఎక్కువసార్లు ఉన్న మాట ‘వైద్యం’. మేము 11 మందిమి. నలుగురికి బీపీ, ఇద్దరికి షుగరు. మోకాళ్ళ నొప్పులైతే చెప్పనే అక్కర్లేదు. షుగరున్న ఒక అక్కకి పాదం మీద పుండు మానక మూడు నెలలు కూలి పోయింది. ఆమె కంతు మేమంతా తలా కొంత వేసి కట్టాం. ఒకరు మంచాన పడితే ఆ బరువు సంఘం మొత్తం మీద పడుద్దని అప్పుడు మాకు బాగా తెలిసొచ్చింది.

ఆ సమావేశంలోనే వ్యాయామం మాట వచ్చింది. “పొద్దున లేచింది మొదలు పనే గదా, మళ్ళీ వ్యాయామం ఏంది?” అని సగం మంది అన్నారు. అడగవలసిన మాటే. నాట్లు, కలుపులు ఉన్న రోజుల్లో మన ఒళ్ళు వంగుద్ది, చెమట పడుద్ది. కానీ ఆ పని ఏడాదికి ఎన్ని రోజులు దొరుకుతోంది? వరి కోతకి మిషను వచ్చింది. పిండికి గ్రైండరు వచ్చింది. నీళ్ళు కొళాయికి వచ్చాయి. కుట్టుమిషను వాళ్ళం, కొట్టు పెట్టుకున్నవాళ్ళం కూర్చున్న చోటు నుంచి కదలం. రోడ్డెక్కితే ఆటో. కంచంలో అన్నం మాత్రం పాత కొలతే. ఇంటి పనిలో చేతులు అలుస్తాయి, నడుము పట్టేస్తది. గుండె వేగంగా కొట్టుకునేలా కాసేపు ఆగకుండా సాగే పని మాత్రం తక్కువ.

పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. అంటే రోజుకి 30 నిమిషాల చొప్పున 5 రోజులు. పొద్దున 15, సాయంత్రం 15 అయినా సరే. ఈ లెక్క మనకి కొత్త కాదు. పొదుపు కూడా ఒక్కరోజులో కట్టలేదు గదా, కొంచెం కొంచెంగానే కూడబెట్టాం.

మరి నడవొచ్చు గదా అంటారు. నడక చాలా మంచిది, కుదిరినవాళ్ళు నడవండి. మా ఇబ్బంది ఏమిటంటే, ఊరికే నడవడానికి మాకు ఇంట్లో టైము ఇవ్వరు. సైకిల్ అయితే పనికే పోతాం. పాలకేంద్రానికి, రేషనుకి, బ్యాంకుకి పోయిరావడంలోనే వ్యాయామం అయిపోతుంది. ఆటో డబ్బులు మిగులుతాయి. మన బరువు సీటు మీద ఉంటుంది కాబట్టి మోకాళ్ళ మీద భారం తక్కువ. తొడలు, పిక్కలు గట్టిపడతాయి. గుండెకి, ఊపిరితిత్తులకి పని దొరుకుతుంది. కండరాలు కదిలేటప్పుడు రక్తంలో ఉన్న చక్కెరని వాడుకుంటాయి, అందుకే షుగరున్నవాళ్ళకి మేలు.

మాకు అడ్డం వచ్చింది సిగ్గు. “ఈ వయసులో సైకిలేందమ్మాయ్, నలుగురూ నవ్వరా?” అని అత్తలు అన్నారు. రచ్చబండ దగ్గర మగవాళ్ళు నిజంగానే నవ్వారు. అప్పుడు మేము పుదుక్కోట్టై కథ తెలుసుకున్నాం. అది తమిళనాడులో వెనకబడిన జిల్లా. 1990ల మొదట్లో అక్కడ ‘అరివొలి ఇయక్కం’ అనే అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ గారు చదువుతో పాటు సైకిల్ కూడా నేర్చుకోమని ఆడవాళ్ళని ప్రోత్సహించారు. లక్ష మందికి పైగా పల్లెటూరి ఆడవాళ్ళు నేర్చుకున్నారని పాత్రికేయులు పి. సాయినాథ్ గారు రాశారు. కూలీలు, క్వారీల్లో పనిచేసేవాళ్ళు, అంగన్‌వాడీ వాళ్ళు అందరూ ఎక్కారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. వాళ్ళనీ జనం నవ్వారు, మాటలన్నారు. అయినా దిగలేదు.

అదే రోజుల్లో, 1992లో, మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. వాళ్ళకీ అక్షరాస్యత తరగతులే ధైర్యం ఇచ్చాయి. పదిమంది కూర్చుని చదువుకున్న చోటే వాళ్ళు పోరాటానికి లేచారు. మనమూ నెలనెలా పదిమందిమి కూర్చుంటున్నాం గదా అనుకున్నాం.

ఎలా నేర్చుకున్నామో చెప్తాం. కొత్త సైకిల్ ఒక్కటీ కొనలేదు. బడిలో మన ఆడపిల్లలకి ఇచ్చిన సైకిళ్ళు, వాళ్ళు పై చదువులకి పోయాక పంచల్లో తుప్పు పట్టి ఉన్నాయి. మూడు తీసి ట్యూబులు మార్పించాం, బ్రేకులు బిగించాం, చైనుకి నూనె వేశాం. ఆదివారం పొద్దున్నే బడి గ్రౌండులో మొదలుపెట్టాం. ముందు సీటు బాగా దించి, రెండు కాళ్ళూ నేలకి ఆనేలా కూర్చుని, పెడలు జోలికి పోకుండా కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోయాం. రెండు మూడు వారాలకి బ్యాలెన్సు వచ్చింది. అప్పుడు పెడలు మీద కాలు పెట్టాం. నేర్చాక సీటు ఎత్తుకోవాలి. పెడలు కిందకి వచ్చినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి. సీటు మరీ కిందకి ఉంటే మోకాళ్ళు నొప్పి పుడతాయి.

చీర కట్టినవాళ్ళు కుచ్చిళ్ళు పైకి దోపి, కొంగు నడుముకి చుట్టుకోవాలి. చైనుకి కవరు, వెనక చక్రానికి జాలీ లేకుండా ఎక్కొద్దు. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టొద్దు, రెండూ కలిపి పట్టండి. ఎడమ పక్కనే పోవాలి. హైవే మీదకి వద్దు, చీకట్లో వద్దు.

ఎంత వేగం అంటే, తొక్కుతూ పక్కనున్న అక్కతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది సరైన వేగం. మొదటి వారం పది నిమిషాలు చాలు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఆపరేషను అయినవాళ్ళు డాక్టరుని అడిగాకే ఎక్కండి. షుగరుకి మందు వాడేవాళ్ళు పరగడుపున తొక్కొద్దు, కొంగున బెల్లం ముక్కో చాక్లెట్టో ఉంచుకోండి. బాగుంది గదా అని మాత్రలు ఎవరికి వాళ్ళు మానెయ్యొద్దు.

ఇంకో మాట. సైకిల్ తొక్కొచ్చి రెండు వాయిల అన్నం తింటే బరువు తగ్గదు. మేము కాటా కన్నా టైలరింగు టేపునే నమ్ముతున్నాం. ఆడవాళ్ళకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు ఎక్కువ. మూడు నెలలకోసారి కొలిచి పుస్తకం చివరి పేజీల్లో రాసుకుంటున్నాం. కొందరికి తగ్గింది, కొందరికి ఇంకా కదల్లేదు. కానీ మెట్లెక్కితే రొప్పు తగ్గిందనీ, రాత్రి నిద్ర పడుతోందనీ అందరూ చెప్తున్నారు. 11 మందిలో ఏడుగురం తొక్కుతున్నాం. పుండు మానిన అక్క డాక్టరు సరేనన్నాక ఎనిమిదో మనిషిగా మొన్ననే గ్రౌండుకి వచ్చింది.

సమాఖ్యని మేము మూడు అడుగుతున్నాం. ఒకటి, ప్రతి గ్రామ సంఘం వాడకుండా పడి ఉన్న సైకిళ్ళ జాబితా రాసి బాగుచేయించాలి. రెండు, సైకిల్ కొనుక్కునే సభ్యురాలికి అంతర్గత అప్పు ఇవ్వాలి, అది దండగ ఖర్చు కాదు. మూడు, 30 ఏళ్ళు దాటిన ప్రతి సభ్యురాలు ఊరి ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు ఉచితంగా చూపించుకోవాలి, అంకెలు రాసుకోవాలి.

వచ్చే నెల గ్రామ సంఘం సమావేశంలో ఈ మూడూ తీర్మానంగా రాయండి. నేర్పడానికి మనిషి లేకపోతే కబురు చెయ్యండి. మా వాళ్ళు సైకిల్ మీదే వస్తారు.