పారవేసిన మూతలు – పరచిన వస్త్రము



ఈ గ్రంథాలయ రజతోత్సవ సభలో ఆఫ్రికాఖండపు శిల్పి ఎల్ అనాట్సుయిని గూర్చి నేడు మీకు మనవి చేసెదను.

ఈయన 1944లో నేటి ఘనాదేశమున అన్యాకో అను ఊర జన్మించెను. తండ్రి ఆ దేశమున ప్రసిద్ధమైన కెంటే వస్త్రములు నేసెడివాడు. కుమారుడు మగ్గము పట్టక కుమాసీ నగరమున శిల్పవిద్య నభ్యసించెను. 1975లో నైజీరియా చేరి, న్సుక్కా పట్టణపు విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయుడయ్యెను.

చలువరాయిని, కంచును ఆయన కోరలేదు. అంగళ్లలోని కొయ్యపళ్లెములు, పగిలిన కుండలు, కర్రపెండలము తురుము పాతరేకులు, ఇవియే ఆయన సామగ్రి. 1990 దశకము చివర మద్యపు సీసాల మూతలున్న సంచి యొకటి ఆయనకు దొరకెను. ఆ అల్యూమినియపు మూతలను అణగగొట్టి, మడిచి, బెజ్జములు వేసి, రాగితీగతో కూర్చగా, గోడనిండ వ్రేలాడు వస్త్రమయ్యెను. ఒక్కొక్క కృతికి వేలకొలది మూతలు, పెక్కుమంది సహాయకుల చేతులు కావలెను.

అందు దేవతామూర్తి లేదు, చెట్టు లేదు, పిట్ట లేదు. ‘ఇది యేమి బొమ్మ?’ అని మీరడుగవచ్చును. సంక్రాంతినాడు మన వాకిట స్త్రీలు వేయు మెలికల ముగ్గు దేనికి బొమ్మ? అయినను దానిని చూచి సంతోషింపనివా రెవరు?

మద్యపు మూతలకు వేరొక అర్థము గలదు. పూర్వము ఐరోపా వర్తకులు ఆఫ్రికా తీరమునకు మద్యము దెచ్చి, సరకులకే గాక మనుష్యులకును మారుగా నిచ్చిరి. ఆ బానిసలు అమెరికా ప్రాంతపు చెరకుతోటలలో శ్రమింపగా, ఆ చెరకు మడ్డినుండి తీసిన రమ్ము మరల ఆఫ్రికాకే వచ్చెను. కావున ఆ మూత వట్టి రేకు గాదు, ఒక జాతి దుఃఖమునకు సాక్షి. మనుష్యులను విడదీసిన వర్తకపు గుర్తులనే ఒకటిగా కూర్చుట ఈ శిల్పి ఘనత. 2015లో వెనిస్ ద్వైవార్షిక కళాప్రదర్శనమువారు ఆయన జీవితకాల కృషికి స్వర్ణసింహ పురస్కార మొసగిరి.

పలువురి చేతులు తాకిన వస్తువునందు వారి శక్తి నిలిచియుండునని ఆయన విశ్వాసము. ఇరువదియైదేండ్లుగా చేతులు మారి అంచులు నలిగిన పుస్తకములు మన బీరువాలలో నున్నవి. చినిగినదని దేనినిగాని పాతకాగితముల బేరగాని కమ్మకుడు. అట్ట కుట్టించి, మరియొక చదువరి చేతికిండు. అదియే ఈ ఉత్సవమున నా విన్నపము.