ఉప్పు పొట్లం మీద తేదీ రాయండి



ఈ రోజు మన ఇండ్లల్లో మగవాళ్ల తిండి గురించి, తాగుడు గురించి మాట్లాడుకుందాం. వాటి వల్ల మూత్రపిండాలకు ఏమవుతుందో తెలుసుకుందాం. మూత్రపిండాలనే మనం కిడ్నీలు అంటం.

నడుముకు కొంచెం పైన, వెన్నెముకకు రెండు పక్కల రెండు కిడ్నీలు ఉంటాయి. ఒక్కొక్కటి పిడికిలంత ఉంటుంది. మనం చాటలో బియ్యం చెరిగి చెత్త తీసేస్తం. కిడ్నీలు కూడా అట్లనే రక్తాన్ని శుభ్రం చేస్తాయి. చెడును మూత్రంలో బయటికి పంపుతాయి.

కిడ్నీ మెల్లగా పాడవుతుంటే నొప్పి తెలియదు. మనిషి పనికి పోతనే ఉంటడు. కాళ్లు వాచి, ముఖం ఉబ్బి, ఆకలి చచ్చి దవాఖానకు పోయేసరికి ఆలస్యమవుతుంది. రెండు కిడ్నీలూ పూర్తిగా చెడిపోతే డయాలసిస్ చేయాలి. అంటే మిషను పెట్టి రక్తం శుభ్రం చేయడం. వారానికి రెండు మూడు సార్లు, ప్రతిసారి దాదాపు 4 గంటలు పడుతుంది. తుంగతుర్తి నుంచి సూర్యాపేటకో, హైదరాబాదుకో తిరగాలి. ఆయన కూలి పోతుంది. తోడు పోయే మన కూలీ పోతుంది. అందుకే ముందే జాగ్రత్త పడాలి.

మొదటిది నీళ్లు. మన మగవాళ్లు ఎండలో పొలం పని చేస్తరు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోస్తరు. లారీలు, ఆటోలు నడుపుతరు. చెమట కారిపోతుంది. నీళ్లు మాత్రం తక్కువ తాగుతరు. "దూప కాలేదు" అంటరు. డ్రైవర్లయితే మూత్రం ఆపుకుంటరు. నీళ్లు చాలకపోతే మూత్రం చిక్కబడుతుంది. అందులో లవణాలు పేరుకొని రాళ్లవుతాయి.

దూరాన నికరాగువా అనే దేశం ఉంది. అక్కడ ఎండలో చెరకు నరికే మగ కూలీలు చాలామంది, వయసులో ఉన్నవాళ్లే, కిడ్నీ జబ్బు పాలయ్యారు. ఎండలో ఆపకుండా కష్టం చేయడం, నీళ్లు చాలకపోవడం ముఖ్య కారణాలని పరిశోధకులు భావిస్తున్నారు. మన తెలుగువాళ్లలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఈ జబ్బు ఎక్కువగా ఉంది. అక్కడ కారణం ఇదే అని ఇంకా తేలలేదు.

పనికి పోయేటప్పుడు సద్దితో పాటు పెద్ద సీసా నీళ్లు ఇచ్చి పంపండి. మజ్జిగ, అంబలి కూడా మంచివే. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు సరిపోయినట్టు. ముదురు రంగులో ఉంటే చాలనట్టు. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినన్ని నీళ్లే తాగాలి.

మన ఉమ్మడి నల్లగొండ జిల్లా బోరు నీళ్లలో చాలా చోట్ల ఫ్లోరైడు ఉంది. నీళ్లు కాచినా ఫ్లోరైడు పోదు. తాగడానికి, వంటకు భగీరథ నల్లా నీళ్లు వాడండి.

రెండోది ఉప్పు. ఉప్పు ఎక్కువైతే బీపీ పెరుగుతుంది. బీపీ కిడ్నీని దెబ్బతీస్తుంది. పెద్ద మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక చిన్న చెంచా. ఇప్పుడు లెక్క వేద్దాం. ఇంట్లో ఐదుగురు పెద్దవాళ్లుంటే రోజుకు 25 గ్రాములు. కిలో పొట్లం 40 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్ని రోజులొస్తుంది? తొక్కు, అప్పడాలు, ఎండు చేపలు, మిర్చి బజ్జీలలో ఉన్న ఉప్పు కూడా ఈ లెక్కలోదే. కూరలో ఉప్పు ఒక్కసారే తగ్గిస్తే "చప్పగుంది" అని కంచం నెడతరు. కొంచెం కొంచెం తగ్గించండి. నాలుక అలవాటు పడుతుంది.

మూడోది తాగుడు. "కల్లు తాగితే కిడ్నీల రాళ్లు కరుగుతాయి" అంటరు. కరగవు. సారా అయినా, బ్రాందీ అయినా ఒంట్లో నీటిని బయటికి తోడేస్తాయి. బీపీ పెంచుతాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లే సారా దుకాణం మూయించారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించారు. వాళ్లూ మనలాంటి వాళ్లే.

నాలుగోది నొప్పి గోలీలు. పొద్దంతా బరువులు మోసి, రాత్రి నడుము నొప్పికి గోలీ వేసుకుంటరు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి రోజూ వేసుకుంటే కిడ్నీ చెడిపోవచ్చు. నీళ్లు తాగకుండా, ఎండలో పనిచేసి వేసుకుంటే మరీ ప్రమాదం. గోలీల అట్ట మీద మందు పేరు ఉంటుంది. కొన్నిటి మీద అది ఇంగ్లీషులోనే ఉంటుంది. మీకు చదవరాకపోతే బడికి పోయే పిల్లలతో చదివించండి. డాక్టరు రాయకుండా రోజూ వేసుకోనివ్వకండి.

ఇక పరీక్షలు. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు కిడ్నీ జబ్బు ఎక్కువగా వస్తుంది. ఈ రెండూ మనిషికి తెలియకుండానే ఉంటాయి. 30 ఏళ్లు దాటిన మగవాళ్లను ఏఎన్ఎమ్ దగ్గరకు తీసుకుపోయి బీపీ, షుగరు చూపించండి. ఏదన్నా ఎక్కువ ఉంటే రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష చేయించమని డాక్టరును అడగండి. మూత్రంలో నురగ పోకుండా ఉన్నా, పాదాలు వాచినా అదే పని చేయండి.

అక్కలారా, మనకు ఇప్పుడు రాయడం వచ్చు. ఈ రోజే రెండు పనులు చేద్దాం. ఉప్పు పొట్లం విప్పగానే దాని మీద తేదీ రాయండి. ఇంటాయన బీపీ అంకె ఒక నోటుబుక్కులో రాయండి. వచ్చే నెల సమావేశానికి ఆ పొట్లం, ఆ నోటుబుక్కు తీసుకురండి. ఎవరింట్లో ఉప్పు ఎన్ని రోజులొచ్చిందో అందరం కలిసి చూద్దాం.