నూలుపోగులో నీటి నడక
(సమాఖ్య వార్షికోత్సవ సభలో షోలాపూర్ యువజన బృందం చేసిన ప్రసంగ పాఠం)



మేము నలుగురం. నలుగురమూ షోలాపూర్‌లో సాంచాల చప్పుడు మధ్య పెరిగినవాళ్లమే. మా ఇండ్లల్లో టవాళ్లు, చద్దర్లు నేసేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కాలేజీలో ఇంగ్లీషు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు "మీ నాయిన ఏం చేస్తడు?" అని ఎవరైనా అడిగితే "బిజినెస్" అని చెప్పి తప్పించుకున్న రోజులున్నాయి. ఆ మాట ఈ సభలో ఒప్పుకోవాలనే వచ్చాం. మా సిగ్గును పోగొట్టింది ఒక నూలుపోగు. ఆ సంగతే చెప్తాం.

చివరి ఏడాది మేము తీసుకున్న పని మైక్రోఫ్లూయిడిక్స్. అంటే ఏంది? మిల్లీమీటరు కన్నా సన్నని దారుల్లో రక్తం, నీళ్లు వంటి ద్రవాలను నడిపించే విద్య. ఒక్క చుక్కతో పరీక్ష చేయవచ్చు. మామూలుగా ఆ దారులను గాజు మీదనో ప్లాస్టిక్ మీదనో చెక్కుతారు, నడిపించడానికి పంపు పెడతారు. నూలుపోగుకు పంపు అక్కరలేదు. పీచుల నడుమ సందులే దారులు, నీటిని అవే లాక్కుంటాయి. దీపంలో వత్తి నూనె పీల్చినట్టే. 2010 నాటికే ఆస్ట్రేలియా, అమెరికా పరిశోధకులు దారంతో ఇలాంటి పరీక్షలు చేసి చూపించారు. 2011లో బెంగళూరులోని అచిరా ల్యాబ్స్ వారు పట్టుదారానికి రసాయనాలు పట్టించి, చేమగ్గం మీద నేసిన గుడ్డతో పరీక్ష పట్టీలు తయారుచేసిన విధానాన్ని ప్రచురించారు. అది చదివిన రోజు మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పడుగు, పేక అన్న మాటలు మన ఇండ్లవే కదా!

మా పని ఆ నీటి నడకను కంప్యూటర్‌లో లెక్కగట్టడం. పోగు పొడవును చిన్న చిన్న గళ్లుగా విడగొడతాం. కాలాన్నీ ముక్కలు చేస్తాం. ఒక్కో ముక్కలో ఏ గడి నుంచి ఏ గడికి ఎంత నీరు పోయిందో లెక్క చూస్తాం. పేక వెంట పేక వేస్తే గుడ్డ అయినట్టు, ముక్క వెంట ముక్క లెక్కిస్తే మొత్తం నడక కనబడుతుంది.

మొదటిసారి కాలపు ముక్క పెద్దది పెట్టినం. లెక్క పగిలిపోయింది. కొన్ని గళ్లలో నీరు సున్నా కన్నా తక్కువ చూపించింది! నాడె ఇంకా పడుగు నడుమ ఉండగానే పలక దెబ్బ పడితే పోగులు పటపట తెగుతాయి కదా, అట్లనే. ఒక ముక్క కాలంలో నీరు ఒక గడిని మించి దూకకూడదు. 1928లో కూరంట్, ఫ్రీడ్రిక్స్, లూయీ అనే ముగ్గురు గణితవేత్తలు ఇలాంటి నియమమే చెప్పారు. పొడి పోగులో నీరు మొదట్లో చాలా వేగంగా పోతుంది. అందుకని మొదట చిన్న ముక్కలు, తర్వాత కొంచెం పెద్దవి పెట్టినం. లెక్క నిలిచింది.

లెక్క చెప్పిందేమిటంటే, మొదటి సెంటీమీటరుకు ఒక సెకను పడితే, రెండు సెంటీమీటర్లకు నాలుగు సెకన్లు, మూడుకు తొమ్మిది. లాగే బలం ఎప్పుడూ ఒకటే, కానీ తడిసిన పొడవు పెరిగేకొద్దీ లోపలి రాపిడి పెరుగుతుంది. లూకాస్ 1918లో, వాష్‌బర్న్ 1921లో చెప్పిన సూత్రమిది.

సంబరంగా పోగు తెచ్చి రంగునీళ్లలో ముంచినం. నీరు ఎక్కనే లేదు! రెండు రోజులు కంప్యూటర్‌లోనే తప్పు వెతికినం. చివరికి మాలో ఒకరి నాయిన చూసి అడిగిండు: "బీము మీది నూలా? దానికి గంజి ఉంటది గదరా. గంజి పోయినా పత్తిలో ఉన్న మైనం పోదు. కొత్త టవాలు నీళ్లు పీలుస్తదా? ముందు సోడాలో ఉడికియ్యండి."

ఉడికించినం. నీరు ఎక్కింది. ఒకటి, నాలుగు, తొమ్మిది అనే వరస దాదాపు కుదిరింది. అయితే కొంత దూరం పోయాక నీరు లెక్క కన్నా వెనకబడింది. "మన ఎండకు ఆరిపోతలేదా?" అన్నది పోగులు అతికే పెద్దమ్మ. ఆరిపోయే నీటిని కూడా లెక్కలో చేర్చినం. అప్పుడు తేడా తగ్గింది.

సూత్రంలో ద్రవం పోగును ఎంత ఇష్టంగా తడుపుతుందో చెప్పే కొలత ఒకటుంది. మేము దానికి పుస్తకంలోని అంకె వేసినం. అసలు సంగతి నాయిన చేతికి తెలుసు. పోగు పురి బిగిస్తే ఏమవుతుంది, ఏ నూలు ఎంత తాగుతుంది అన్నదీ మన పెద్దలకు తెలుసు.

మేము చేసింది చదువుకోసం చేసిన చిన్న ప్రయోగమే, దీంతో రోగాలు తెలుస్తాయని చెప్పడం లేదు. కానీ సమాఖ్యకు మా విన్నపాలు రెండు. ఒకటి, నూలు, గంజి, అద్దకం గురించి పెద్దలు చెప్పేది వాళ్లున్నప్పుడే రికార్డు చేయాలి. సాంచాలు తుక్కు కింద అమ్ముడుపోతున్నాయి. వాటితోపాటు ఈ ఎరుక కూడా పోతే తిరిగి రాదు. రెండు, రేపు ఇలాంటి గుడ్డ నేసే పని ఏ ప్రయోగశాల నుంచి వచ్చినా, నేతగాడు మీటరు కూలీకి మాత్రమే మిగలకూడదు. పేరులోనూ ఫలితంలోనూ అతనికి వాటా అడగాలి. ఒక్కడు అడిగితే వినరు, సంఘం అడిగితే వింటారు.

మా ప్రాజెక్టు పుస్తకం మొదటి పేజీలో కృతజ్ఞతల కింద గురువుల పేర్ల పక్కనే మా నాయినల పేర్లు, పెద్దమ్మ పేరు రాసినం. వృత్తి అన్నచోట "నేత" అని రాసినం.