చిన్న సీసాల లెక్క
(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



పెళ్ళిళ్ళకు, గృహప్రవేశాలకు కానుకగా ఇవ్వడానికి మన తేనెను చిన్న సీసాల్లో అడుగుతున్నారు. మంచిదే. కానీ సీసా ఖర్చే లాభాన్ని మింగేస్తే మనకు మిగిలేదేంటి?

కొట్టువాళ్ళు సీసాను మిల్లీలీటర్లలో చెప్తారు, మనం తేనెను గ్రాముల్లో అమ్ముతాం. తేనె నీళ్ళకంటే బరువు. 100 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 140 గ్రాములు పడుతుంది. కాబట్టి 250 గ్రాముల తేనెకు 200 మిల్లీలీటర్ల సీసా చాలు. అంతకంటే పెద్దది కొంటే డబ్బు దండగ. పైన వెలితి కనబడి, తక్కువ పోశారని మాట కూడా పడాలి.

ఖర్చు తగ్గుతుందని పాత మందు సీసాలు మాత్రం వాడొద్దు. మూతకు పట్టిన వాసన పోదు. కొత్త గాజు సీసాలను చల్లనీళ్ళలో పెట్టి, 10 నిమిషాలు మరిగించి, పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఉంటే తేనె పులుస్తుంది.

ఒక్కో సంఘం డజను చొప్పున కొంటే చిల్లర ధరే పడుతుంది. అందరం కలిసి సమాఖ్య పేరుతో పెట్టెల లెక్కన తెప్పించుకుందాం. మీ సంఘానికి ఎన్ని కావాలో ఈ నెల సమావేశంలోనే రాయించండి.