శాసనసభ వాకిట న్యాయార్థి



ఈ స్మారకోపన్యాసమును నాకప్పగించిన ధర్మకర్తలకు కృతజ్ఞుడను. ఎవరి పేర ఈ నిధి వెలసినదో ఆ వకీలుగారి విద్వత్తును, దాతృత్వమును గూర్చి నాకంటె బాగుగ నెఱిగినవారు ముందు వరుసలలోనే యున్నారు గనుక వానిని మరల వర్ణింపను. నాకు గుర్తున్నది వేఱొకటి. కక్షిదారు అర్జీ వ్రాయించుకొనవచ్చినపుడు, ఆయన కలము పట్టక మునుపే ఆతనిచేత జరిగినదంతయు రెండుమారులు చెప్పించుకొనెడివారు. మొదటిమారు దాచి రెండవమారు బయటపెట్టిన సంగతి యేదో అదియే అర్జీకి ప్రాణమని ఆయన నమ్మకము. నా వ్రాతప్రతులను సైతము ఆయన ఇట్లే ప్రశ్నించి నన్ను పలుమారులు నొప్పించిరి. ఆ ఋణము తీర్చుకొనుటకే అర్జీలను గూర్చిన విషయము నెన్నుకొంటిని.

1851లో కలకత్తాయందును, 1852లో బొంబాయియందును సంఘములు పుట్టుట, కంపెనీ సన్నదు గడువు తీరవచ్చుట, సన్నదును పొడిగించునెడ మా మాట కూడ వినుడని దేశీయులు పార్లమెంటుకు మహజర్లు పంపుట పాఠ్యపుస్తకముల సంగతులే. క్రెసెంటు పత్రికను నడపిన తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు మద్రాసు స్వదేశీయ సంఘమును స్థాపించి, 1852 చివర పార్లమెంటుకు అర్జీ పంపిన కథయు అట్టిదే. రైతు దైన్యము, న్యాయస్థానముల జాప్యము, వ్యయము, రహదారుల లేమి, విద్యాశూన్యత, ఇవి యన్నియు అందు కలవు. ఇంతవఱకు వివాదము లేదు.

వివాదమిచట మొదలగును. ఆ అర్జీ పట్టణపు వర్తకుల అర్జీయనియు, శిస్తు, ఉప్పు, రాదారులు దానికి ముఖ్యములు కాగా న్యాయస్థానముల ప్రసక్తి లాంఛనప్రాయమనియు, 1854లో హింసా విచారణ కమీషను ఏర్పడుట హెన్రీ డాన్బీ సీమరు వంటి ఆంగ్లేయ పార్లమెంటు సభ్యుల భూతదయకు ఫలమనియు చరిత్రకారులు కొందఱు వ్రాయుచు వచ్చినారు. నేను చిరకాలముగా దీనిని కాదనుచున్నాను. ఈ వేదిక నుండియు కాదనుచున్నాను.

ఆ పండితులు శిస్తు నొకచోటను, న్యాయము నొకచోటను ఉంచి తూచుచున్నారు. 1816 తరువాత మద్రాసు రాజధానిలో ఆ రెండును వేఱువేఱుగ లేవు. మన్రో అధ్యక్షతను పనిచేసిన న్యాయకమీషను సిఫారసుల ననుసరించి ఆ యేట వెలువడిన శాసనములు, జిల్లా జడ్జీ చేతనున్న మేజిస్ట్రేటు అధికారమును కలెక్టరుకు మార్చినవి. తహసీలుదారును పోలీసునకు పెద్దగ చేసినవి. కిస్తు వసూలు చేయువాడే కొట్టువాడు, కొట్టినవాడే ఫిర్యాదు విచారించువాడు, వానిపై నుండువాడు శిస్తు తగ్గినచో సంజాయిషీ చెప్పుకొనవలసినవాడు. ఇట్టి ఏర్పాటులో రైతు శిస్తును గూర్చి మొఱపెట్టుకొన్నను అది న్యాయపరిపాలనను గూర్చిన మొఱయే యగును. అర్జీలో న్యాయస్థానములకు ఎన్ని పేరాలు చెల్లినవని లెక్కించువారు, ఆ అర్జీ వ్రాసినవారు బ్రదికిన వ్యవస్థను మఱచుచున్నారు.

హింసా విచారణ కమీషను ఎదుట బయటపడిన వాస్తవములే దీనికి సాక్ష్యము. ఇలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురు సభ్యులు 1855లో సమర్పించిన నివేదికలో కిట్టి యను సాధనము వర్ణింపబడినది: రెండు కఱ్ఱల నొకకొనను కట్టి, వాని నడుమ చేతివ్రేళ్ల నుంచి, రెండవకొనను బిగింతురు, అఱచేయి వెనుకకు వంగి, బాకీ ఒప్పుకొనువఱకు, లేదా ప్రాణము సొమ్మసిల్లువఱకు ఆ బిగువు సడలదు. మఱియొక పద్ధతిలో మనుష్యుని ముందుకు వంచి, మెడను కాలివ్రేళ్లకు త్రాటితోనో, వాని పైబట్టతోనో బంధించి, వీపుపై రాయి నుంచి, ఎండలో నిలుపుదురు. ఈ బాధలు శిస్తు కొఱకును, దొంగతనములలో నేరము నొప్పించుట కొఱకును సమానముగ వాడబడుచుండెను. చేతులును సాధనమును ఒక్కటేయైనపుడు ఏ దెబ్బ రెవిన్యూ దెబ్బయో, ఏ దెబ్బ పోలీసు దెబ్బయో ఏ పండితుడు విడదీయగలడు?

అయితే ఆ రైతు స్థానికముగనే ఏల న్యాయము పొందలేదని ప్రశ్నింపవచ్చును. పొలము విడిచి, కూలి పోగొట్టుకొని, దినములతరబడి నడచి కలెక్టరు కచ్చేరి చేరినవాని అర్జీ, తహసీలుదారు విచారించునది యన్న మేలువ్రాతతో తిరిగి వచ్చుచుండెను. ఎవనిపై మొఱపెట్టెనో వాని చేతికే! కోర్టుకు పోదమన్న స్టాంపు ఖర్చు, అపరిచితమగు భాష, వ్యవహారజ్ఞానము చాలని జడ్జీలు. తరువాత కమీషనులో కూర్చున్న నార్టనే, 1853లో దక్షిణ హిందూదేశపు న్యాయపరిపాలనపై గ్రంథము వ్రాసి, మొఫస్సలు తీర్పుల లోపములను బయటపెట్టెను. క్రింది తలుపులన్నియు ఒకే గదిలోనికి తెఱచుకొనునపుడు, ఆ గదికి వెలుపలనున్న శాసనకర్తలను ఆశ్రయింపక గత్యంతరమేమి? సీమరు దొరకు దయ లేదని నేననను. కాని ఆయన మద్రాసు వచ్చినది ఆ అర్జీ చెప్పినదానిని కన్నులార చూడగోరి. పల్లెలకు ఆయనను వెంట గొనిపోయినవాడు అర్జీ పంపిన లక్ష్మీనరసు శెట్టి. 1854 జూలైలో కామన్స్ సభలో ఈ చర్చ చెలరేగినపుడు, హింస యున్నదన్న మాటను కంపెనీ పక్షమువారు నమ్మలేదు. విచారణ ప్రకటింపబడగానే రెండు వేలకు చేరువగా ఫిర్యాదులు వచ్చినవి. వానిలో అధికభాగము వ్రాతమూలముగ వచ్చినవే, కాని పలువురు స్వయముగ నడచియు వచ్చిరి. ఆ నడచివచ్చినవారిని సీమరు పుట్టించలేదు.

కమీషను తీర్పునుగూర్చియు నొకమాట. హింస జరుగుచున్నదని అది నిస్సంశయముగ తేల్చినది. తేల్చి, దోషమును దేశీయులగు క్రింది ఉద్యోగుల స్వభావముపై మోపి, దొరలను విడిచిపెట్టినది. రెవిన్యూ పోలీసుల సంయోగమును విడదీయవలెనన్న సిఫారసు మాత్రము 1859 నాటి మద్రాసు పోలీసు చట్టమునకు దారితీసెను. వ్యవస్థను మార్చవలెనని చెప్పుచునే, వ్యవస్థలో దోషము లేదు, మనుష్యులలో కలదనుట పరస్పరవిరుద్ధము. ఆ విరోధము నేటికిని మనలను వీడలేదు: ఠాణాలో ఒకడు చచ్చిన ఒక కానిస్టేబులు సస్పెండగును, ఫైలు మూతపడును.

నేటి మాటకు వత్తును. మన శాసనసభలకు పిటిషన్ల కమిటీలున్నవి. కేంద్రసభలో అట్టి కమిటీ 1924 నుండియు కలదు. రాజ్యాంగపు 350వ అధికరణము, ప్రజలు తమ బాధను యూనియనులో గాని రాష్ట్రములో గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఏ అధికారికైనను విన్నవించుకొనవచ్చునని హామీ యిచ్చుచున్నది. అయినను న్యాయపరిపాలనను గూర్చిన అర్జీ యనగానే, కోర్టు విచారణలోనిదని కొందఱును, 211వ అధికరణము నిషేధించుచున్నదని కొందఱును దానిని ప్రక్కకు నెట్టుదురు. 211వ అధికరణము నిషేధించునది, సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తులు విధినిర్వహణలో నడచుకొనిన తీరును సభలో చర్చించుటను మాత్రమే. కోర్టు ఫీజును అది నిషేధింపలేదు. ఆ ఫీజు రాష్ట్రజాబితాలోనిది, మన 1956 నాటి చట్టము శాసనసభ చేసినదే. చెఱసాలలను, పోలీసును అది నిషేధింపలేదు, అవియు రాష్ట్రజాబితాలోనివే. క్రింది కోర్టుల నిర్మాణము 42వ సవరణతో ఉమ్మడిజాబితాకు పోయినను, వానికి భవనములు, గుమాస్తాలు, జీతములు రాష్ట్రపు బడ్జెటు నుండియే రావలెను. దేశమున ఖైదీలలో నూటికి డెబ్బదిమందికి పైగా నేరము ఋజువు కానివారే యైయుండగా, వారి తల్లిదండ్రులు వ్రాసికొనిన అర్జీ ఏ సభ్యుని బల్లపై పడవలెను?

దీనివలన న్యాయశాఖ స్వాతంత్ర్యమునకు భంగము కలుగునని పెద్దలు వెఱతురు. ఆ వెఱపు నిష్కారణము కాదు; 1964లో ఉత్తరప్రదేశ శాసనసభ, కేశవసింగు వ్యవహారమున, ఇద్దఱు హైకోర్టు న్యాయమూర్తులనే పట్టి తెండని తీర్మానించుదాక పోయెను. కాని ఆ కలహము సభ తన మర్యాదకై పడినది, అర్జీదారుని కొఱకు కాదు. తీర్పును తిరగదోడుమని ఏ అర్జీదారుడును శాసనసభను కోరనక్కఱలేదు, కోరరాదు. వాయిదా వెనుక వాయిదా పడుటకు జడ్జీ లేని కోర్టు కారణమా, సమను పంపని ఠాణా కారణమా, ఖైదీని తీసికొనిరాని ఎస్కార్టు కారణమా యని అడుగుట తీర్పును తాకుట కాదు. కమిటీ రాజధానిలో కూర్చుండుట మాని, జిల్లా పట్టణములకు పోయి, నోటిమాటగా చెప్పుకొనువారిని కూడ వినవలెనని నేను ఉభయ తెలుగు రాష్ట్రముల శాసనసభలను వేడుచున్నాను. 1854 నాటి కమీషను మద్రాసులో కూర్చుండుటవలన రాలేకపోయిన గొంతుక లెన్నియో!

ఆ గొంతుకలను వెదకుటయే నేడు నేను చేయుచున్న పని. 1816 మొదలు 1859 వఱకు తెలుగు జిల్లాల ప్రజలు పై అధికారులకును, పార్లమెంటుకును, అటుపిమ్మట శాసనమండలికిని పెట్టుకొనిన అర్జీలను సంపుటములుగ కూర్చుచున్నాను. ఎగ్మూరు రికార్డులలో నాకు దొరకినవి పెక్కు గుమాస్తాలు చేసిన ఇంగ్లీషు సంక్షేపములే. రైతు పలికిన పలుకు అందు కానరాదు. తెలుగు మూలములు, గ్రామమునకు తిరిగివచ్చిన ప్రతులు, కరణముల ఇండ్లలో కవిలెకట్టల నడుమ ఇప్పటికిని ఉండవలెను. నెల్లూరు, గుంటూరు, కడప, బళ్లారి ప్రాంతములవారు మీ ఇండ్లలో అట్టివి యున్నచో నాకు తెలుపుడు. నేనే వచ్చి నకలు తీసికొందును, మూలము మీయొద్దనే యుండును. అర్జీ ముఖపత్రము చెదలు తినిపోయినదని పాఱవేయకుడు. వెనుకవైపున కచ్చేరిలో వ్రాసిన మేలువ్రాత మిగిలియున్నను చాలును. ఆ మొఱ ఎవరి చేతికి మరల్చబడెనో అది చెప్పును.